విద్యుత్ గ్రిడ్ వైఫల్యాలు - రైళ్ల రాకపోకలపై ప్రభావం: కరీంనగర్, ఆదిలాబాద్ బొగ్గు ప్రాంతంపై ఒక పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

2012 జూలై 30, 31 తేదీలలో దేశంలో వరుసగా రెండు రోజులు విద్యుత్ గ్రిడ్ కుప్పకూలింది. రెండవ రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలలోని దాదాపు 20 రాష్ట్రాలు, సుమారు 60 కోట్ల జనాభా ఈ వైఫల్యం పరిధిలోకి వచ్చాయి. సుమారు 300 రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఢిల్లీ మెట్రో ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్‌లోని బర్ద్వాన్ జిల్లా బొగ్గు గనులలో సుమారు 200 మంది కార్మికులు భూగర్భంలో చిక్కుకుని, అనంతరం సురక్షితంగా బయటికి వచ్చారు.

ఆ రెండు రోజులూ దక్షిణ ప్రాంత గ్రిడ్ నిలబడింది. అలా నిలబడటానికి తోడ్పడిన ఏర్పాట్లలో ఒకటి రామగుండం నుండి మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా భద్రావతి వరకు సాగే విద్యుత్ మార్గం. అయితే అప్పటి పరిస్థితి నేడు లేదు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఏకమైంది. ఈ మార్పు వలన కలిగిన లాభమేమిటి, పెరిగిన బాధ్యత ఏమిటి, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా సాగే రైలు మార్గానికి దీనితో ఉన్న సంబంధం ఏమిటి అనే విషయాలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల అవగాహన కొరకు ఇక్కడ వివరించడమైనది.

ఒకే నేలపై మూడు వ్యవస్థలు

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని గోదావరి తీర ప్రాంతంలో బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు, ప్రధాన రైలు మార్గం మూడూ పక్కపక్కనే ఉన్నాయి. కాజీపేట - బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తి కావడంతో ఢిల్లీ - మద్రాసుల మధ్య నేరుగా రైలు ప్రయాణం సాధ్యపడింది. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ఈ గ్రాండ్ ట్రంక్ మార్గం 1980వ దశకం చివరి నాటికి విద్యుదీకరణ పొందింది. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల సింగరేణి బొగ్గు ఈ మార్గం ద్వారానే దూర ప్రాంతాలకు చేరుతుంది.

రామగుండంలో ఎన్.టి.పి.సి. సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 1983లో ఉత్పత్తి ప్రారంభించింది. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు కలిపి ఈ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. దీని పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండింటితో తెలంగాణ సూపర్ థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు మొదటి దశ 2023-24లో పనిచేయడం ఆరంభించింది. గోదావరికి ఆవల, మంచిర్యాల జిల్లా జైపూర్ వద్ద సింగరేణి సంస్థ నిర్మించిన 1,200 మెగావాట్ల కేంద్రం 2016 నుండి విద్యుత్‌ను అందిస్తున్నది.

ఈ మూడు వ్యవస్థలలో ప్రతి ఒక్కటీ మిగిలిన రెండింటిపై ఆధారపడి ఉంది. గనులలో గాలి సరఫరా చేసే ఫ్యాన్లు, నీరు తోడే పంపులు, కార్మికులను పైకి తెచ్చే యంత్రాలు విద్యుత్‌తో నడుస్తాయి. గని నుండి బొగ్గు రైలెక్కుతుంది. రైలు తిరిగి విద్యుత్‌తోనే నడుస్తుంది. ఆ బొగ్గుతోనే విద్యుత్ పుడుతుంది. కనుక ఇక్కడ ఒకచోట తలెత్తిన లోపం మిగిలిన రెండు వ్యవస్థలకు పాకి, తిరిగి మొదటి చోటికే రాగలదు. గ్రిడ్ వైఫల్యం ఈ ప్రాంతంలో కేవలం దీపాలు ఆరిపోయే సమస్య కాకపోవడానికి కారణమిదే.

రైలుకు విద్యుత్ ఎలా అందుతుంది

రైలు పట్టాల పైన కనిపించే తీగలో 25 కిలోవోల్టుల ఏకదశ (సింగిల్ ఫేజ్) విద్యుత్ ప్రవహిస్తుంది. ఈ విద్యుత్ రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థకు చెందిన 132 లేదా 220 కిలోవోల్టుల లైన్ల నుండి రైల్వే ట్రాక్షన్ సబ్‌స్టేషన్లకు చేరి, అక్కడ వోల్టేజి తగ్గించుకుని పైతీగకు అందుతుంది. ప్రధాన మార్గాలలో ఇటువంటి సబ్‌స్టేషన్లు సాధారణంగా 40 నుండి 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి.

గ్రిడ్‌లో విద్యుత్ మూడు దశలలో ప్రవహిస్తుంది. రైలు వాడుకునేది ఒక్క దశ భారం మాత్రమే. అన్ని సబ్‌స్టేషన్లూ ఒకే దశపై భారం మోపితే గ్రిడ్ సమతూకం చెడుతుంది. అందువలన ఒక్కొక్క సబ్‌స్టేషన్‌కు వేర్వేరు దశల నుండి సరఫరా తీసుకుంటారు. రెండు సబ్‌స్టేషన్ల పరిధులు కలిసే చోట విద్యుత్ లేని చిన్న భాగాన్ని ఏర్పాటు చేస్తారు. దీనిని న్యూట్రల్ సెక్షన్ అంటారు. లోకో పైలట్ అక్కడ విద్యుత్ వాడకం నిలిపి, రైలు వేగంతోనే ఆ భాగాన్ని దాటిస్తాడు.

ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌కు సరఫరా ఆగినప్పుడు పొరుగు సబ్‌స్టేషన్ నుండి దాని పరిధికి కూడా విద్యుత్‌ను పొడిగించే వీలు ఉన్నది. రైల్వే ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ తన కార్యాలయం నుండే స్విచ్చులను నడిపి ఈ మార్పు చేయగలరు. అయితే దీనికి పరిమితి ఉన్నది. ట్రాక్షన్ సబ్‌స్టేషన్లలో విరివిగా వాడే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 21.6 ఎం.వి.ఎ. బొగ్గు రైలును లాగే 6,000 అశ్వశక్తి ఇంజను ఒక్కటే పూర్తి బలంతో సుమారు 4.5 మెగావాట్లు తీసుకుంటుంది. రెండు పరిధుల భారం ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌పై పడినప్పుడు అన్ని రైళ్లనూ ఒకేసారి కదిలించడం సాధ్యం కాదు. ప్రయాణికుల రైళ్లను ముందు పంపి, బరువైన రైళ్లను స్టేషన్లలో నిలుపుతారు. అందుకే సరఫరా వచ్చిన తరువాత కూడా ఆలస్యాలు కొన్ని గంటల పాటు కొనసాగుతాయి.

గ్రిడ్ మొత్తం కుప్పకూలినప్పుడు ఈ ప్రత్యామ్నాయం కూడా మిగలదు. పొరుగు సబ్‌స్టేషన్ సైతం అదే గ్రిడ్‌పై ఆధారపడినందున వందల కిలోమీటర్ల మేర పైతీగలు ఒక్కసారిగా నిర్జీవమవుతాయి.

ఆగిన రైలులో ఏమి జరుగుతుంది

సరఫరా ఆగిన రైలు ఎక్కడ నిలుస్తుందనేది ఆ క్షణపు వేగం, వాలు, ముందున్న సిగ్నల్‌పై ఆధారపడి ఉంటుంది. అది స్టేషన్ కావచ్చు, గోదావరి వంతెన దరి కావచ్చు, సిర్పూర్ దాటిన తరువాతి అటవీ ప్రాంతం కావచ్చు. ఇంజనులో బ్రేకులకు గాలిని అందించే కంప్రెసర్ కూడా పైతీగ విద్యుత్‌తోనే పనిచేస్తుంది. రైలు ఎక్కువసేపు నిలిచి గాలి పీడనం తగ్గిపోతే వాలులో రైలు జారే ప్రమాదం ఉన్నందున సిబ్బంది చేతి బ్రేకులు బిగించి, చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టవలసి ఉంటుంది.

సిగ్నల్ వ్యవస్థకు పైతీగ నుండి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా సరఫరా ఉంటుంది. స్థానిక విద్యుత్ సరఫరా, బ్యాటరీలు, స్టేషన్లలోని డీజిల్ జనరేటర్లు దీనికి తోడుగా ఉంటాయి. సాధారణ అంతరాయంలో ఈ ఏర్పాట్లు సరిపోతాయి. గ్రిడ్ వైఫల్యంలో పైతీగ, స్థానిక సరఫరా రెండూ ఒకేసారి పోతాయి కాబట్టి బ్యాటరీ, జనరేటర్ మాత్రమే ఆధారం. జనరేటర్‌లో ఇంధనం ఎంత ఉన్నది అనే చిన్న విషయం ఆ సమయంలో ముఖ్యమవుతుంది.

ప్రయాణికుల విషయంలోనూ మార్పు వచ్చింది. గతంలో అనేక రైళ్లకు ప్రత్యేక జనరేటర్ బోగీల ద్వారానో, చక్రాలతో తిరిగే జనరేటర్ల ద్వారానో దీపాలు, ఫ్యాన్లు పనిచేసేవి. ఇటీవలి సంవత్సరాలలో ఇంజను ద్వారా పైతీగ నుండే బోగీలకు విద్యుత్ ఇచ్చే విధానం విస్తరించింది. దీనివలన డీజిల్ ఆదా అవుతున్నది, శబ్దం, పొగ తగ్గాయి. అదే సమయంలో పైతీగపై ఆధారం పెరిగింది. అత్యవసరానికి ఉంచిన జనరేటర్ బోగీ, బ్యాటరీల విలువ ఈ కారణంగానే తగ్గలేదు. వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాలలో మధ్యాహ్నం వేళ మూసి ఉన్న బోగీలలో గాలి ఆడకపోతే వృద్ధులు, పసిపిల్లలు, రోగుల పరిస్థితి త్వరగా విషమించవచ్చు.

గతంలో ఇటువంటి సమయాలలో డీజిల్ ఇంజనులు ఆదుకునేవి. 2012లోనూ కొన్ని రైళ్లను డీజిల్ ఇంజనులతో కదిలించారు. అప్పట్లో పెద్దపల్లి - కరీంనగర్ మార్గం, ముద్ఖేడ్ - ఆదిలాబాద్ మార్గం రెండూ డీజిల్‌తోనే నడిచేవి. ఆ తరువాత ఈ మార్గాలూ విద్యుదీకరణ పొందాయి. విద్యుదీకరణ వలన ఖర్చు, కాలుష్యం తగ్గాయనడంలో సందేహం లేదు. అయితే డీజిల్ ఇంజనుల సంఖ్య తగ్గేకొద్దీ, ఉన్నవాటిని ఏ స్టేషన్లలో సిద్ధంగా ఉంచాలనే నిర్ణయం మరింత కీలకమవుతుంది.

2012లో జరిగినది

జూలై 30 వేకువజామున 2 గంటల 33 నిమిషాలకు మధ్యప్రదేశ్‌లోని బీనా - గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అయింది. ఆ ఏడాది వర్షాలు ఆలస్యమై ఉత్తరాది రాష్ట్రాలలో వ్యవసాయ పంపుసెట్ల వాడకం పెరిగింది. అవి తమ వాటాకు మించి విద్యుత్ తీసుకుంటుండగా, మరమ్మతులు, ఇతర కారణాల వలన అంతర్ ప్రాంతీయ లైన్లు కొన్ని అప్పటికే సేవలో లేవు. మిగిలిన లైనుపై భారం పెరిగింది. లైనులో నిజానికి ఏ లోపమూ లేదు. అధిక భారాన్ని లోపంగా భావించిన రక్షణ రిలే దానిని విడదీసింది. ఆ భారం ఇతర మార్గాలపై పడి, అవీ ఒకదాని వెంట ఒకటి విడిపోయాయి. బయటి సరఫరా కోల్పోయిన ఉత్తర గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ పడిపోయింది. అటువంటి సమయంలో తనంత తానుగా భారాన్ని తగ్గించవలసిన రిలేలు చాలినంతగా పనిచేయలేదు. సుమారు 36,000 మెగావాట్ల భారం కోల్పోవలసి వచ్చింది. రైల్వేలు, మెట్రో, విమానాశ్రయాల వంటి అత్యవసర సేవలకు ఉదయం 8 గంటల ప్రాంతానికి చాలా వరకు సరఫరా ఇవ్వగలిగినా, పూర్తి పునరుద్ధరణకు సాయంత్రం అయింది.

మరునాడు మధ్యాహ్నం 1 గంటకు అదే బీనా - గ్వాలియర్ లైను తిరిగి ట్రిప్ అయింది. ఈ పర్యాయం ఉత్తర ప్రాంతంతో పాటు తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడా కుప్పకూలాయి. సుమారు 48,000 మెగావాట్ల భారం పోయింది.

మన ప్రాంతానికి సంబంధించినంత వరకు ఇక్కడ ఒక విషయం గమనార్హం. తెలంగాణ నుండి ఢిల్లీకి వెళ్లే రైళ్లు కాజీపేట, బల్లార్షా, నాగపూర్, భోపాల్, బీనా, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రాల మీదుగా సాగుతాయి. తెగిన విద్యుత్ లైను ఉన్నదీ ఆ దారిలోనే. దక్షిణ, పశ్చిమ గ్రిడ్లు నిలబడటంతో మంచిర్యాలలోనూ, నాగపూర్‌లోనూ పైతీగలలో విద్యుత్ ఉన్నది. అయినప్పటికీ గమ్యం వైపు మార్గంలో విద్యుత్ లేనప్పుడు ఇక్కడ ఉండి ప్రయోజనం లేదు. ఒక దూర ప్రాంత రైలు ఢిల్లీ చేరడంలో జాప్యమైతే, అదే బోగీల వరుస తిరుగు ప్రయాణంలో ఆలస్యమవుతుంది. సిబ్బంది పనిగంటలు దాటిపోతే వారి స్థానంలో వేరొకరిని పంపాలి. వేళ తప్పిన రైళ్లకు దారి ఇవ్వడానికి బొగ్గు రైళ్లు పక్క లైన్లలో వేచి ఉండాలి. కరెంటు పోని జిల్లాలో కూడా గ్రిడ్ వైఫల్య ఫలితం కనిపించడం అంటే ఇదే.

దక్షిణ గ్రిడ్‌ను నిలిపిన వారధి

ఆనాడు దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో సమాన ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. వాటి మధ్య సరఫరా ఏకముఖ విద్యుత్ (డి.సి.) మార్గాల ద్వారానే జరిగేది. ఒడిశాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారుకు ఒక మార్గం, విశాఖపట్నం సమీపంలోని గాజువాక వద్ద మరొక కేంద్రం తూర్పు ప్రాంతంతో కలిపేవి. పశ్చిమ ప్రాంతంతో కలిపేది భద్రావతి కేంద్రం. 1997-98లో ప్రారంభమైన ఈ కేంద్రం సామర్థ్యం 1,000 మెగావాట్లు. రామగుండం వైపు నుండి వచ్చే 400 కిలోవోల్టుల లైను దీనిని దక్షిణ గ్రిడ్‌తో జోడిస్తుంది.

భద్రావతిలో ఒక వైపు ప్రత్యావర్త విద్యుత్‌ను (ఎ.సి.) ఏకముఖ విద్యుత్‌గా మార్చి, అక్కడే మరల ప్రత్యావర్త విద్యుత్‌గా మార్చి రెండవ వైపునకు పంపుతారు. కాలువపై తూము వంటి ఏర్పాటు ఇది. ఎంత విద్యుత్ వెళ్లాలో అంతే వెళుతుంది. ఒక వైపు ఫ్రీక్వెన్సీలో కలిగే ఒడుదొడుకులు రెండవ వైపునకు పాకవు. జూలై 31న తూర్పు గ్రిడ్ కూలినప్పుడు అటు నుండి దక్షిణాదికి వచ్చే సరఫరా దెబ్బతిన్నది. పశ్చిమ ప్రాంతం నుండి సరఫరా కొంత కొనసాగింది. తక్కువ ఫ్రీక్వెన్సీ వద్ద భారాన్ని తగ్గించే రిలేలు దక్షిణాదిలో పనిచేశాయి. డి.సి. మార్గాలలో సరఫరాను వెంటనే సర్దుబాటు చేయగలిగారు. కొందరు వినియోగదారులకు కొంతసేపు విద్యుత్ ఆగినప్పటికీ గ్రిడ్ దక్కింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ అధ్యక్షుని నేతృత్వంలోని విచారణ కమిటీ 2012 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ఈ రక్షణ చర్యలను ప్రస్తావించింది.

ఒకే గ్రిడ్ - పెరిగిన బాధ్యత

2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైంది. అటు తరువాత వార్ధా నుండి నిజామాబాద్ మీదుగా హైదరాబాద్ వైపు వచ్చిన 765 కిలోవోల్టుల మార్గం వంటివి ఈ బంధాన్ని బలపరచాయి. విద్యుత్ కొరత ఉన్న దక్షిణాదికి ఇతర ప్రాంతాల మిగులు విద్యుత్ రావడానికి వీలు కలిగింది. ఒక పెద్ద కేంద్రం హఠాత్తుగా ఆగినా దేశంలోని మిగిలిన కేంద్రాలు ఆ లోటును పంచుకోగలుగుతున్నాయి.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. తూము ఉన్న చోట ఇప్పుడు విశాలమైన కాలువ ఉన్నది. నీరు ధారాళంగా వస్తుంది. అలాగే ఎక్కడో ఎత్తిన అల కూడా రాగలదు. కనుక గతంలో గోడ చేసిన పనిని నేడు క్రమశిక్షణ చేయవలసి ఉన్నది. ఈ క్రమశిక్షణలో ప్రధానమైనవి నాలుగు.

మొదటిది ఫ్రీక్వెన్సీ. 2003 జనవరి 1న దక్షిణాదిలో లభ్యత ఆధారిత టారిఫ్ అమలులోకి రాకముందు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు బదులు 48.5 కంటే దిగువకు తరచు పడిపోయేది. వాటాకు మించి వాడుకుంటే అధిక ధర చెల్లించవలసి రావడంతో పరిస్థితి మెరుగుపడింది. 2014 ఫిబ్రవరిలో అనుమతించిన పరిధిని 49.90 నుండి 50.05 హెర్ట్జ్‌గా నిర్ణయించారు.

రెండవది రిలేల సంరక్షణ. అవసరం లేనప్పుడు పనిచేసిన రిలే, అవసరమైనప్పుడు పనిచేయని రిలే రెండూ 2012లో నష్టం కలిగించాయి. వీటిని క్రమం తప్పక పరీక్షించడం కంటికి కనిపించని పని. అయినా గ్రిడ్ భద్రత దీనిపైనే ఆధారపడి ఉన్నది.

మూడవది లోడ్ డిస్పాచ్ కేంద్రాల ఆదేశాల అమలు. హైదరాబాద్‌లోని రాష్ట్ర కేంద్రం, బెంగళూరులోని దక్షిణ ప్రాంత కేంద్రం, ఢిల్లీలోని జాతీయ కేంద్రం వరుసగా ఈ బాధ్యత నిర్వహిస్తున్నాయి. 2012లో వాడకం తగ్గించమన్న ఆదేశాలకు రాష్ట్రాల నుండి తగిన స్పందన లేకపోవడం వైఫల్యానికి ఒక కారణమని విచారణలో తేలింది. సమన్వయం ఉంటే ఎంతటి ఒడుదొడుకునైనా తట్టుకోవచ్చని 2020 ఏప్రిల్ 5 రాత్రి రుజువైంది. తొమ్మిది నిమిషాల పాటు దీపాలు ఆర్పాలన్న పిలుపుతో దేశవ్యాప్త వాడకం సుమారు 31,000 మెగావాట్లు తగ్గినప్పటికీ, జలవిద్యుత్ కేంద్రాల ఉత్పత్తిని వేగంగా తగ్గించి, పెంచి గ్రిడ్‌ను కాపాడారు.

నాలుగవది పునరుద్ధరణ సన్నద్ధత. ఆగిన థర్మల్ కేంద్రం తనంతట తాను మేల్కొనలేదు. దాని పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు నడవడానికే ముందు బయటి విద్యుత్ కావాలి. స్వల్ప విద్యుత్‌తో ప్రారంభం కాగల శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలవిద్యుత్ కేంద్రాల నుండి లైన్ల ద్వారా మెల్లగా ఆ విద్యుత్‌ను చేర్చాలి. ఈ దశలో రైల్వేలకు ప్రాధాన్యం ఉన్నప్పటికీ, ఒకే దశపై క్షణక్షణం హెచ్చుతగ్గులయ్యే రైలు భారాన్ని బలహీనంగా ఉన్న గ్రిడ్ తట్టుకోవడం కష్టం. అందువలన లోడ్ డిస్పాచ్ కేంద్రం, రైల్వే పవర్ కంట్రోలర్ మాట్లాడుకుంటూ రైళ్లను ఒక్కొక్కటిగా కదిలించవలసి ఉంటుంది.

రైలు ఆగితే విద్యుత్ సంగతి

ప్రభావం ఒక వైపు నుండే ఉండదు. ఒక యూనిట్ విద్యుత్ ఉత్పత్తికి సుమారు 650 గ్రాముల బొగ్గు కావాలనుకుంటే, 500 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడవడానికి సుమారు 7,800 టన్నులు అవసరం. ఒక బొగ్గు రైలు సుమారు 3,800 నుండి 4,000 టన్నులు మోస్తుంది. అంటే ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు రెండు రైళ్లు చేరాలి. రామగుండం కేంద్రానికి సమీప గనుల నుండి సొంత రైలు మార్గం ఉన్నది. గనులకు దూరంగా ఉన్న కేంద్రాలకు ఆ సౌకర్యం లేదు. సింగరేణి బొగ్గు వాడే విజయవాడ కేంద్రం వంటివి రైల్వే ప్రధాన మార్గంపైనే ఆధారపడి ఉన్నాయి.

2011 సెప్టెంబరు 13 నుండి అక్టోబరు 24 వరకు 42 రోజుల పాటు జరిగిన సకల జనుల సమ్మె కాలంలో ఈ బంధం స్పష్టంగా వెల్లడైంది. సింగరేణి కార్మికులు సమ్మెలో పాల్గొనడంతో బొగ్గు ఉత్పత్తి పడిపోయింది. రైల్ రోకో రోజులలో రైళ్ల రాకపోకలు నిలిచాయి. రామగుండంతో సహా థర్మల్ కేంద్రాలలో ఉత్పత్తి తగ్గి, అప్పటి రాష్ట్రమంతటా విద్యుత్ కోతలు అమలయ్యాయి. అది గ్రిడ్ వైఫల్యం కాదు. కానీ గని, రైలు, విద్యుత్ కేంద్రం ఎంత దగ్గరి చుట్టాలో ఆ రోజులు తెలియజేశాయి. 2022 వేసవిలో దేశవ్యాప్తంగా థర్మల్ కేంద్రాల వద్ద బొగ్గు నిల్వలు తగ్గినప్పుడు, బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి రైల్వేశాఖ ప్రయాణికుల రైళ్ల ట్రిప్పులు 600కు పైగా రద్దు చేయవలసి వచ్చింది.

ఏది గ్రిడ్ వైఫల్యం, ఏది కాదు

రైలు ఆగిన ప్రతిసారీ వార్తలలో గ్రిడ్ వైఫల్యం అనే మాట వాడటం పరిపాటి. వాస్తవానికి నాలుగు భిన్నమైన పరిస్థితులు ఉన్నాయి.

1. పైతీగ లోపం: తీగ తెగడం, చెట్టు కొమ్మ పడటం, ఇంజనుపై ఉండే పాంటోగ్రాఫ్ తీగలో చిక్కుకోవడం. రెండు స్టేషన్ల మధ్య రైళ్లు ఆగుతాయి. ఊళ్లలో విద్యుత్ ఉంటుంది. మరమ్మతు రైల్వేలది.

2. ట్రాక్షన్ సబ్‌స్టేషన్ సరఫరా లోపం: గాలివానకు టవరు కూలడం, లైను ట్రిప్ కావడం. సుమారు 50 కిలోమీటర్ల మేర ప్రభావం ఉంటుంది. పొరుగు సబ్‌స్టేషన్ నుండి సరఫరా పొడిగించి రైళ్లను పరిమితంగా నడుపుతారు.

3. విద్యుత్ కోత: కొరత ఏర్పడినప్పుడు కొన్ని ఫీడర్లకు సరఫరా ఆపడం. ఇది గ్రిడ్‌ను కాపాడే చర్య. రైల్వే ట్రాక్షన్ లైన్లను సాధారణంగా దీని నుండి మినహాయిస్తారు.

4. గ్రిడ్ వైఫల్యం: ఒక ప్రాంతంలోని ఉత్పత్తి కేంద్రాలు, లైన్లు మూకుమ్మడిగా విడిపోవడం. ఊళ్లు, గనులు, రైళ్లు ఒకేసారి ప్రభావితమవుతాయి. పునరుద్ధరణకు గంటలు పడుతుంది.

వార్త రాసేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే పరిస్థితి తేటపడుతుంది. స్టేషన్ ఉన్న పట్టణంలో కరెంటు ఉన్నదా? ఆగిన రైళ్లు ఎంత పొడవున ఉన్నాయి? పొరుగు సబ్‌స్టేషన్ నుండి సరఫరా పొడిగించారా? కారణాన్ని సరిగా గుర్తించిన వార్త ప్రయాణికులకు ఎంతసేపు వేచి ఉండవలసి వస్తుందో చెప్పగలదు. బాధ్యత ఎవరిదో కూడా స్పష్టం చేయగలదు.

క్షేత్రస్థాయిలో చేయదగినవి

గ్రిడ్‌ను నిలబెట్టడం జిల్లా అధికారుల చేతిలో ఉండదు. అయితే గ్రిడ్ పోయిన తరువాతి మొదటి కొన్ని గంటలు వారి చేతిలోనే ఉంటాయి. నిలిచిన రైళ్లు ఏ స్టేషన్ల మధ్య ఉన్నాయో రైల్వే కంట్రోల్ నుండి తెలుసుకుని, సమీప మండల అధికారులకు తెలియజేయడం, తాగునీరు, వైద్య సహాయం చేర్చడం, అవసరమైతే ఆర్టీసీ బస్సులను దగ్గరి రహదారి వరకు పంపడం వాటిలో ముఖ్యమైనవి. కాగజ్‌నగర్ దాటిన అటవీ మార్గంలో పట్టాలకు చేరువగా ఏ చోటి వరకు వాహనం వెళ్లగలదో ముందే గుర్తించి పటంలో చేర్చుకోవాలి. భూగర్భ గనులలో ఉన్న కార్మికులను పైకి తీసుకురావడానికి ప్రత్యామ్నాయ విద్యుత్ సిద్ధంగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకోవాలి. ఆసుపత్రులు, మంచినీటి పథకాలు, రైల్వే స్టేషన్లలోని జనరేటర్లను నెలకొకసారైనా భారంతో నడిపి చూడాలి.

2012లో ఉత్తర తెలంగాణ వైఫల్యాన్ని దూరం నుండి చూసింది. నేడు అదే ప్రాంతం జాతీయ గ్రిడ్‌కు వేల మెగావాట్ల విద్యుత్‌ను అందిస్తూ, జాతీయ గ్రిడ్ భద్రతపైనే ఆధారపడి ఉన్నది. ఈ నేపథ్యంలో విద్యుత్, రైల్వే, బొగ్గు సంస్థలు, జిల్లా యంత్రాంగం ఏడాదికి ఒకసారైనా, ముఖ్యంగా వేసవికి ముందు, ఉమ్మడిగా సన్నద్ధతను సమీక్షించుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.